మేట వేయని గోదావరి

ఆ నేల ఇక తిరిగిరాదు. కోనసీమలో ఈ కథ చివర ఏమవుతుందో తెలియనివాళ్లు లేరు కాబట్టి చివరి నుంచే మొదలుపెడుతున్నాను. అంతర్వేది పల్లిపాలెంలో మనుషులు నిద్రపోయిన ఇళ్ల మీదుగా కెరటాలు నడిచాయి. మలికిపురం మండలం కేశనపల్లి దగ్గర, మొవ్వు రాలిపోయిన కొబ్బరిచెట్లు మొండి మానులై వరసలు వరసలుగా నిలబడ్డాయి. ఇది ఒక్క రాత్రి ఉప్పెన చేసిన పనే అయితే దానికొక తేదీ ఉండేది, ఏటా ఆ రోజున తలుచుకుని ఏడ్చేవాళ్లం. ఈ నష్టానికి తేదీ లేదు. ఏళ్ల తరబడి, పోటు వెంట పోటుగా, అందరూ చూస్తుండగానే జరిగింది. అందరూ చూశారు, అందరూ ఏదో ఒకటి చెప్పారు. చెప్పినవాటిలో అబద్ధాలు తక్కువే. అయినా నేల పోయింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు బి.హేమమాలిని, కె.నాగేశ్వరరావు గోదావరి డెల్టా అంచున పాత తీరరేఖలనూ కొత్త తీరరేఖలనూ పోల్చి 2004లో ఒక లెక్క తేల్చారు. 1976 నుంచి 2001 దాకా పాతికేళ్లలో నికరంగా 1,836 హెక్టార్లు సముద్రంలో కలిసిపోయాయి. నాలుగున్నర వేల ఎకరాలు. గట్టు మీద అడుగు మట్టి కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కే సీమలో, ఎకరమంటే ఏమిటో ఎరిగినవాళ్లు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

అసలు కోనసీమ ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకుంటేనే ఏం పోయిందో తెలుస్తుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల నడుమ ఉన్న ఈ పచ్చదనమంతా నది మోసుకొచ్చి పోసిన మట్టి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, దక్కను రాళ్లను అరగదీసుకుంటూ వచ్చే గోదావరికి ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు తగులుతుంది. ఆ ఎరుపు కనపడగానే లంకల్లో గుండెలు అదిరేవి, పశువుల పలుపులు విప్పేవాళ్లు, పడవలు సిద్ధం చేసుకునేవాళ్లు. వరద తీశాక చూస్తే పొలం మీద వేలెడు మందాన ఒండ్రు మేట. భయపెట్టిన చేతులే అన్నం పెట్టేవి. మొగల దగ్గర ఆ మట్టి సముద్రాన్ని ఏటా కాస్త కాస్త వెనక్కి నెట్టేది. వేల ఏళ్లపాటు ఇక్కడ నేల పెరగడమే తప్ప తరగడం అరుదు.

డెల్టా మట్టికి ఒక స్వభావం ఉంది. కొత్తగా ఏకిన దూది పరుపు ఏళ్లు గడిచేకొద్దీ అణిగిపోయినట్టు, ఒండ్రు తన బరువుకు తానే అణుగుతుంది. అణిగినంత మేరా పై ఏటి వరద కొత్త పొరను పరిచేది కాబట్టి ఆ కుంగుబాటు ఎవరికీ తెలియలేదు. ఆ పొర రావడం తగ్గితే ఏమవుతుందన్న ప్రశ్న అప్పట్లో అడగాల్సిన అవసరమే లేకపోయింది.

1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. కరవుతో ఖాళీ అవుతున్న ఊళ్లు సార్వా, దాళ్వా రెండు పంటల ఊళ్లయ్యాయి. నేటికీ కోనసీమ కూడళ్లలో ఆయన విగ్రహానికి దండలు పడతాయి. ఆ కృతజ్ఞత నిజమైనది, నేనూ అందులో భాగస్తుణ్ణే. కానీ మన విషాదంలో ఒక ముడి అక్కడే పడిందనిపిస్తుంది. కట్టడం వల్ల బతికిన సీమకు కట్టడాల వల్ల నష్టమూ ఉంటుందని చెప్పబోతే వినడానికి మనసు ఒప్పుతుందా? ఆ తర్వాత ఎగువన జాయక్వాడి వచ్చింది, శ్రీరాంసాగర్ వచ్చింది, ఉపనదుల మీద ఇంకెన్నో వచ్చాయి. ప్రతి జలాశయమూ ఎక్కడో ఒకచోట దాహం తీర్చింది. ప్రతి జలాశయమూ తన అడుగున కోనసీమకు రావలసిన మట్టిని కాస్త దాచుకుంది.

2004 నాటి ఆ పరిశోధన పత్రం శీర్షికలో డ్యాముల ప్రస్తావన పక్కన, బ్రాకెట్లలో, ఒక ప్రశ్నార్థకం ఉంది. ఈ గాథలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ చిన్న గుర్తే. పెట్టినందుకు వాళ్లను తప్పుపట్టలేం. తెలిసినంతే చెప్పాలి, తేలనిదాన్ని తేలలేదనే చెప్పాలి, శాస్త్రం నేర్పే నిజాయితీ అది. ఆ అనుమానాన్ని తీర్చుకోవడానికి పరుగు తీయవలసినవాళ్లు తక్కినవాళ్లు, పాలకులూ మనమూ. తేలలేదు కదా అని మనం కూర్చున్నాం.

ఆరేళ్లకు, 2010లో, నాగేశ్వరరావు బృందమే మరో పత్రం ప్రచురించింది. ఈసారి శీర్షికలో ప్రశ్నార్థకం లేదు, ఆధారాలు అన్న మాట ఉంది. 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల మట్టిని తెచ్చేది. 2000–2006 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు పడిపోయింది. డ్యాములకు ఎగువన తూచిన మట్టి కన్నా దిగువన తూచిన మట్టి ఎప్పుడూ తక్కువే. కృష్ణా గోదావరుల జంట డెల్టాల తీరంలో 1965–2008 మధ్య 43 ఏళ్లలో 76 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా పోయింది. 1990 దాకా ఏటా 1.39 చదరపు కిలోమీటర్లు పోతే, ఆ తర్వాతి పదేళ్లలో ఏటా 2.32 చొప్పున పోయింది. అనుమానం తీరేలోపు వేగం పెరిగింది.

జనం మాత్రం డ్యాముల మాట ఎత్తలేదు. వాళ్ల వేలు గ్యాసు బావుల వైపు చూపింది. ఎందుకు చూపిందో ఇక్కడివాళ్లకు వివరించనక్కర్లేదు. 1995 జనవరి 8న మామిడికుదురు మండలం పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై ఎగసిన మంట 65 రోజులపాటు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు పిల్లల్నీ గొడ్లనూ తీసుకుని తరలిపోయాయి. రాత్రిపూట కూడా చీకటి పడని ఆ రోజులను చూసిన తరం నేల కింద ఏదో జరుగుతోందన్న దిగులును ఎన్నడూ వదులుకోలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే మండలం నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి, ఇరవైమందికి పైగా నిద్రలోంచి నేరుగా మంటల్లోకి వెళ్లిపోయారు. అలాంటి ఊళ్లలో ఒక రైతు వాన వెలిశాక చేలో నిలిచిన నీళ్లను చూసి, "భూమి దిగిపోతందండి, ఒకప్పుడు ఇంత నిలిచేది కాదు" అంటే, దాన్ని పుకారని ఎలా తోసెయ్యగలం?

కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రైతు పక్షాన నిలబడ్డారు. గ్యాసు తీసినకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గి పై పొరలు కుంగుతాయన్నారు. బావులు వేల అడుగుల లోతున ఉన్నాయి, ఆ ప్రభావం పైదాకా రాదని అవతలి వాదన. రెండు వైపులా ప్రపంచంలో సాక్ష్యాలున్నాయి. ఇటలీలో పో నది డెల్టాలో, గ్యాసు కలిసిన నీటిని నేలలోంచి తోడుతూ పోతే, కొన్ని దశాబ్దాల్లో భూమి మనిషి ఎత్తుకు మించి కుంగింది. 1960ల మొదట్లో అక్కడి ప్రభుత్వం ఆ పంపులు ఆపించింది. కుంగుబాటు నెమ్మదించింది, కుంగిన నేల మాత్రం పైకి లేవలేదు. అయితే అక్కడ తోడింది తక్కువ లోతులోని నీటిని, ఇక్కడ తీసేది లోతైన రాతి పొరల్లోని వాయువును. ఆ ఉదాహరణను ఇక్కడికి యథాతథంగా తేలేం, అలాగని పక్కన పెట్టనూలేం. మన నేలలో మనమే ఏళ్ల తరబడి ఒకే చోట, అందరూ నమ్మే కొలత వేసి, ఆ లెక్కను ఊరి పంచాయతీ గోడ మీద రాసిపెట్టి ఉంటే ఈ తగువు ఏనాడో తీరేది. నా దృష్టిలో చేజారిన అవకాశాలన్నిటిలో పెద్దది అదే.

అంతకన్నా ముందొకటి చేజారింది. 1996 నవంబరు 6 రాత్రి. తుపాను కోనసీమ మీదికి విరుచుకుపడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకెళ్లినవాళ్లలో ఎందరో తిరిగిరాలేదు. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. తాతలు నాటిన కొబ్బరి తోటలు తెల్లారేసరికి ఒకే దిక్కుకు తలలు వాల్చి పడివున్నాయి. ఆ దుఃఖంలో షెల్టర్లు కట్టారు, రోడ్లు వేశారు, అవి ప్రాణాలు నిలిపే పనులు. కానీ ఉప్పెనకు అడ్డు నిలవాల్సిన తీరమే పలచబడిపోతోందన్న మాట ఆ ఏడుపులో ఎవరికి వినబడుతుంది?

2008లో ఇంకో హెచ్చరిక వచ్చింది. సముద్రం 0.59 మీటర్లు పెరిగితే ఆంధ్ర తీరంలో పోటు నీరు కొత్తగా ముంచే ప్రాంతంలో 894 చదరపు కిలోమీటర్లు కృష్ణా గోదావరి డెల్టాలదేనని, తీరమంతటా 282 గ్రామాల్లో 12.9 లక్షలమంది నిలువనీడ కోల్పోతారని నాగేశ్వరరావు బృందం లెక్క వేసింది. వాళ్లలో ఎక్కువమంది గుడిసెల్లో బతికే మత్స్యకారులని కూడా రాశారు. మరుసటి ఏడు శాస్త్రవేత్త జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, మట్టి మేట కన్నా సముద్రం పెరుగుదలే పైచేయి అయిన డెల్టాల వరసలో గోదావరిని చేర్చింది. ఉత్తర హిందూ మహాసముద్రం 1993 తర్వాత ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్లు పెరుగుతోందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక 2020లో చెప్పింది. మూడు మిల్లీమీటర్లంటే నవ్వొచ్చేంత చిన్నది. డ్రైను వాలు కూడా అంతే సన్ననిదని తెలిసినవాళ్లకు నవ్వు రాదు. ఈ చదునైన సీమలో మురుగు దిగేది వేళ్ల మీద లెక్కించే ఎత్తు తేడాతోనే. సముద్రం ఆ కాస్తా పెరిగి, నేల ఆ కాస్తా దిగితే, పొలంలోంచి పోవలసిన నీళ్లు నిలిచిపోతాయి. పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో నాట్లు వెయ్యలేదు. క్రాప్ హాలిడే అన్నారు. అన్నపూర్ణ అనిపించుకున్న సీమ తన చేలను తానే బీడు పెట్టుకున్న ఆ ఏడాదిని తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, పూడిపోయిన డ్రైన్లు అంటూ వాళ్లు ఎన్నో చెప్పారు. ధరల గురించి పెద్ద చర్చ జరిగింది. నీళ్లెందుకు దిగడం లేదన్న ప్రశ్న పూడిక దగ్గరే ఆగిపోయింది. పూడిక నిజమే. చేపల చెరువులు, రొయ్యల చెరువులు గట్ల మీదికి వచ్చాయన్నదీ నిజమే. మొగల దగ్గర లోతు మారిందన్నదీ, ఎగువ మట్టి రావడం లేదన్నదీ, సముద్రం పెరుగుతోందన్నదీ నిజమే. ఒక్కొక్కరు ఒక్కో నిజాన్ని పట్టుకుని పక్కవాడి చేతిలోని నిజాన్ని కాదన్నారు. దోషి ఒక్కడే అయ్యుండాలని పట్టుబట్టాం. ఆ ఒక్కడు తేలేదాకా ఏ పనీ మొదలుకాలేదు.

శంకరగుప్తం డ్రైను పొడవునా ఉన్న తోటల్లో ఆ ఆలస్యం చెట్టు చెట్టునా కనబడింది. కొబ్బరి ఉప్పుగాలికి భయపడే చెట్టు కాదు, సముద్రపు ఒడ్డునే పుట్టి పెరిగింది. కానీ వేళ్లు ఉప్పునీళ్లలో నానుతూ ఉండిపోతే తట్టుకోలేదు. ముందు పిందెలు రాలతాయి. కాయ చిక్కిపోతుంది, దింపుకు వచ్చినవాళ్లు గెల చూసి పెదవి విరుస్తారు. కింది మట్టలు ఎండుతాయి, ఆ ఎండు పైకి పాకుతుంది. చివరికి మొవ్వు రాలుతుంది. అంతా అయ్యేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. అంతకాలమూ ఆ చెట్టు కింద నడుస్తూ రైతు దాని చావును రోజూ చూడాలి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఆ మొండి మానులను చూసి వెళ్లారు. పెద్ద మనిషి వచ్చేసరికి తలలు లేని చెట్లే ఎదురొచ్చాయి. అధికారులు కారణాల జాబితా చెప్పారు, ఊరివాళ్లు తమ కారణాలు తాము చెప్పారు.

ఎగువన పోలవరం దగ్గర ఇంకో పెద్ద డ్యాము లేస్తోంది. దాని నీళ్ల కోసం ఎదురుచూసే లక్షలమంది ఆశ న్యాయమైనది. ఆ గోడ వెనక ఆగబోయే మట్టి ఎంతో, అది ఆగితే ఓడలరేవు నుంచి అంతర్వేది దాకా తీరం ఏమవుతుందో ఈసారైనా గోడ లేచేలోపే లెక్క కట్టి, రాజోలు సంతలో కూరలమ్మే మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం కష్టమా?

తోట పోయిన రైతుకు ఇప్పుడు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ మొండి మానులు కొట్టించి, ఆ గుంతల్లోనే మళ్లీ కొబ్బరి పిలకలు నాటాలా, వద్దా? నాటిన పిలక కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ నేల ఎంత ఎత్తున ఉంటుందో, డ్రైనులో పోటు ఎందాకా వస్తుందో ఎవరైనా ఖాయంగా చెబితే గానీ అతను గునపం ఎత్తలేడు. పక్క చేను రైతు ఆ జవాబు కోసం చూసి చూసి, తన తోటను రొయ్యల చెరువుకు లీజుకిచ్చేశాడు.