సూది ఎంత లోతుకు దిగింది?

అక్కచెల్లెళ్లూ, ఒంట్లో ఒకచోటి కొవ్వు తీసి మరోచోట పెట్టడం కొత్తేం కాదు. 1893లోనే జర్మన్ సర్జన్ నాయ్‌బర్ చేతి కొవ్వుతో ముఖం మీది మచ్చ గుంట పూడ్చారు. 1980లలో లైపోసక్షన్ పెరిగాక ఇది అందం కోసం చేయించుకునేదైంది.

పిరుదులకు కొవ్వు ఎక్కించే బీబీఎల్‌లో దాదాపు 3,000 మందికి ఒకరు చనిపోతుండొచ్చని 2018లో సర్జన్ల సంఘాలు హెచ్చరించాయి. సూది కండలోకి దిగి పెద్ద సిర చిరిగితే, కొవ్వు గుండెకీ ఊపిరితిత్తులకీ చేరుతుంది. అందుకే 2019లో ఫ్లోరిడా కండలోకి ఎక్కించొద్దంది. 2022లో బ్రిటన్ సర్జన్ల సంఘం చర్మం కిందే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే చేయాలంది.

చౌక ప్యాకేజీ చూసి టికెట్ కొనేయకండి. "ఏ పొరలో పెడతారు? స్కాన్ చూస్తూ చేస్తారా?" అని ముందే అడగండి. తర్వాత ఆయాసం వస్తే వెంటనే అంబులెన్స్ పిలవండి. సిగ్గుపడి ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం దాచకండి.