స్టెంట్ వేసిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల్లో గడ్డకట్టే ముప్పు, రక్తస్రావ ముప్పు అంచనా

గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఈ జబ్బు ఉన్నవారికి స్టెంట్ వేశాక రక్తం పలుచబరిచే మందులు ఎన్ని, ఎన్నాళ్లు వాడాలో తేల్చేందుకు గడ్డకట్టే ముప్పు, రక్తస్రావ ముప్పు రెండింటినీ లెక్కగడతారు.

కారణం
ఎడమ కర్ణికలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. దాన్ని ఆపేది వార్ఫరిన్ లేదా ఎపిక్సాబాన్. స్టెంట్‌లో ప్లేట్‌లెట్లు పేరుకుంటే గుండెపోటు. దానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. మూడు మందులూ కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. 573 మందిపై జరిగిన వోయెస్ట్ అధ్యయనంలో (2013) మూడూ వాడినవారిలో ఏడాదిలో 44.4 శాతం మందికి, ఆస్పిరిన్ మానినవారిలో 19.4 శాతం మందికి రక్తస్రావం కనిపించింది.

స్కోర్లు
గడ్డకట్టే ముప్పుకు చాడ్స్-వాస్క్, రక్తస్రావానికి హాస్-బ్లెడ్ వాడుకలో ఉన్నాయి. రెండూ 2010లో యూరప్ రోగుల సమాచారంతో తయారయ్యాయి; రెంటికీ గరిష్ఠం 9. బీపీ, షుగరు ఉండి స్టెంట్ పడిన 76 ఏళ్ల పురుషుడికి చాడ్స్-వాస్క్ 5: వయసుకు 2, బీపీ, షుగరు, రక్తనాళాల జబ్బుకు ఒక్కొక్కటి. పై బీపీ 170 ఉంటే అతని హాస్-బ్లెడ్ 3: వయసు, బీపీ, క్లోపిడోగ్రెల్. 3 దాటినా, 3 ఉన్నా ముప్పు ఎక్కువే. వయసు రెండు స్కోర్లలోనూ ఉంది కనుక గడ్డల భయం ఉన్నవారికే రక్తస్రావం భయమూ ఉంటుంది. అందుకే హాస్-బ్లెడ్ ఎక్కువని మందు ఆపరు, సరిదిద్దగలిగింది సరిదిద్దుతారు. బీపీ అదుపులోకి వస్తే ఇతని స్కోరు 2కు దిగుతుంది.

మందుల గడువు
4,614 మందిపై జరిగిన అగస్టస్ అధ్యయనం (2019) తర్వాత ఆస్పిరిన్‌ను ఎక్కువమందికి వారంలోపే ఆపుతున్నారు. గడ్డకట్టే ముప్పు మరీ ఎక్కువైతే నెల దాకా ఇస్తారు. క్లోపిడోగ్రెల్ 6 నుంచి 12 నెలలు. ఆపై గడ్డ కట్టనివ్వని మందు ఒక్కటే.

స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలో
2016లో వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి మారిన ఈ మండల వాసులు స్టెంట్ కోసం వరంగల్, హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్తారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స ఉంది. ఇంటికి వచ్చాక మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. వార్ఫరిన్ వాడేవారు రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. తోటకూర, పాలకూర ఒక వారం మానేసి మరో వారం ఎక్కువ తింటే ఆ విలువ నిలకడగా ఉండదు. కీళ్లవాత జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికి చాడ్స్-వాస్క్ లెక్క వర్తించదు; వారికి స్కోరుతో పనిలేకుండా వార్ఫరినే ఇస్తారు.