పల్నాటి యుద్ధము: రెండు చలనచిత్రములు, ప్రేక్షకుల వార్తికము

పాణిని సూత్రములకుఁ బిమ్మటఁ గాత్యాయనుని వార్తికములు వెలసెను. ఉక్తమును, అనుక్తమును, దురుక్తమును విచారించుట వార్తికమునకు లక్షణమని పెద్దలు నిర్ణయించిరి. చెప్పఁబడినదేమి, చెప్పక విడువఁబడినదేమి, చెప్పియుఁ జెడఁగొట్టఁబడినదేమి యను నీ మూఁడు ప్రశ్నలు శాస్త్రమునకే గాక సర్వకళలకును వర్తించును. ఇరువదవ శతాబ్దమునఁ దెలుఁగుదేశమున నాటకమును వెనుకకుఁ ద్రోసి ప్రబలిన చలనచిత్రమునకుఁ బండితులు వ్రాసిన వార్తికములు స్వల్పములు. సామాన్య ప్రేక్షకులు నోటిమాటగాఁ జెప్పుకొన్నవి యనంతములు. ఆట ముగిసి యింటికి మరలు త్రోవలోను, మఱునాఁడు రచ్చబండమీఁదను జరిగిన యీ విమర్శ గ్రంథస్థము కాలేదు గనుకఁ జరిత్రకారులు దానిని లెక్కింపరైరి. పల్నాటిసీమ కథను గైకొని 1947 లోను, 1966 లోను వెలువడిన రెండు చిత్రములను, వానిని జూచిన సీమవారి తీర్పును బరిశీలించినచో నీ యుపేక్ష తగదని తేలఁగలదు.

కథ సుప్రసిద్ధమైనను సంగ్రహముగాఁ జెప్పుట యావశ్యకము. అనుగురాజు కుమారులలో నలగామరాజు గురజాలనుండియు, మలిదేవరాజు మాచెర్లనుండియు నేలిరి. నలగామునికి నాయకురాలు నాగమ్మ మంత్రిణి. మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుఁడు. కోడిపోరున నోడిన మలిదేవాదులు పందెము ప్రకార మేడేండ్లు రాజ్యము విడిచిపోయిరి. గడువు తీఱిన పిమ్మట రాయబారిగా వచ్చిన యలరాజు విషప్రయోగమున మరణించెను. అంతటఁ గారెంపూడి నాగులేటి యొడ్డున యుద్ధము జరిగి యుభయపక్షములును నశించెను. బ్రహ్మనాయుని కుమారుఁడు బాలచంద్రుఁ డా రణమునఁ గూలెను. ఈ యుద్ధము క్రీ. శ. 1180 ప్రాంతమున జరిగినదని చరిత్రకారులు తలంతురు. మాచెర్ల, గురజాల, కారెంపూడి, నరసరావుపేట లన్నియు నేఁడు 2022 ఏప్రిల్ 4వ తేదీన నేర్పడిన పల్నాడు జిల్లాలోనివి. నరసరావుపేట దానికి ముఖ్యపట్టణము.

ఈ కథ సీమవారికిఁ జలనచిత్రము మూలమునఁ దెలిసినది గాదు. శ్రీనాథుని పేర నున్న ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి 1911 లోఁ బ్రకటించిరి. దానికంటెను బహుకాలము పూర్వమునుండి వీరవిద్యావంతులు పంబజోడు మ్రోఁతతో నీ కథను బాడుచున్నారు. కారెంపూడి వీరులగుడియొద్దఁ గార్తికామావాస్యతో నారంభించి రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేళ్లతో నైదుదినములు వీరారాధనము జరుగును. వీరుల యాయుధములగు కొణతములను గొనివచ్చి పూజింతురు. కులభేదము లేక చాపకూడు కుడుతురు. కారెంపూడి గాయకుఁడగు ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అను నమెరికా పండితుఁడు లిఖించి, యాంగ్లానువాదముతో 1982 లోఁ బ్రకటించెను. కావున పల్నాట నీ కథ పఠనీయము, శ్రవణీయము, ఆచరణీయము కూడను. చలనచిత్రము దీనికి దృశ్యత్వమును మాత్రము చేర్చినది.

మొదటి చిత్రమునకు గూడవల్లి రామబ్రహ్మముగారు దర్శకులు. వీరు 1938 లో "మాలపిల్ల"ను, 1939 లో "రైతుబిడ్డ"ను నిర్మించి, యస్పృశ్యతను, జమీందారీ పీడనమును వెండితెరపైఁ బ్రశ్నించిన సంస్కర్తలు. అట్టివారు చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని కథను గైకొనుట వారి పూర్వచిత్రములకు సహజమైన యనువృత్తియే. అయితే చిత్రము పూర్తి గాకమునుపే 1946 లో వారు స్వర్గస్థులైరి. మిగిలిన భాగమును ఎల్. వి. ప్రసాదుగారు పూరించిరి. సముద్రాల రాఘవాచార్యులుగారి రచనతో నది 1947 లో విడుదలయ్యెను. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుఁడుగాను, కన్నాంబగారు నాగమ్మగాను, అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుఁడుగాను నటించిరి.

ఆ కాలమునఁ జిత్రశాలలయొద్ద నమ్ముచుండిన పాటలపుస్తకములలోఁ గథాసంగ్రహ ముండెడిది. అది సగముదాఁక నడచి, పిమ్మట "శేషము వెండితెరపై" అని నిలిచిపోవుట వాడుక. తక్కిన చిత్రములకు నీ యుపాయము చెల్లినది. పల్నాటి కథకుఁ బల్నాట మాత్రము చెల్లదు. ఏలయన, శేషము ప్రేక్షకునకుఁ బూర్వమే తెలియును. అలరాజు బ్రదుకఁడనియు, బాలచంద్రుఁడు మరలి రాఁడనియు నెఱిఁగియే యతఁడు నేలతరగతిలోఁ గూర్చుండును. ఏమి జరుగునో యను కుతూహల మతనికి లేదు. ఎట్లు చెప్పుదురో యను విచార మొక్కటే కలదు. ఆలంకారికులు సామాజికునియందుఁ గోరిన రసచర్వణమున కిది యనుకూలమైన స్థితి. చూచిన చిత్రమునే మరల మరలఁ జూచువాని స్థితియు నిట్టిదే. కాలము గడచినను విడువక చూడఁబడు చిత్రములన్నియు నీ విధముగాఁ దెలిసిన కథలుగా మాఱినవే.

రెండవ చిత్రమును 1966 లో గుత్తా రామినీడుగారు దర్శకత్వము వహించి తీసిరి. నందమూరి తారకరామారావుగారు బ్రహ్మనాయుఁడు, భానుమతిగారు నాగమ్మ. తొలిచిత్రమును బూరించిన ప్రసాదుగారే 1949 లో "మనదేశము" చిత్రమున రామారావుగారిని బ్రవేశపెట్టుట గమనింపఁదగినది. వ్యాకరణమున మునులలో నుత్తరోత్తరునకే ప్రామాణ్య మధికము. చిత్రప్రియులలో నీ పరిభాష తలక్రిందగును: తొలుతఁ జూచినదే ప్రమాణము, పిమ్మటిది దానితోఁ బోల్పఁబడును. 1947 నాఁటి చిత్రమును బాల్యమునఁ జూచినవారికిఁ గన్నాంబయే నాగమ్మ. 1966 నాఁటివారికి భానుమతియే. ఈ వివాద మభిమానమాత్రమైనచో లెక్కింపఁబని లేదు. కాని దీని లోపల నొక చరిత్రప్రశ్న యిమిడి యున్నది. నాగమ్మను గోపమూర్తిగాఁ జూడవలయునా, బుద్ధిమంతురాలగు మంత్రిణిగాఁ జూడవలయునా యనునది యా ప్రశ్న. నటీమణులలో నెవ్వరు మేలని వాదించువారు తమకుఁ దెలియకయే యీ ప్రశ్నకు సమాధానము చెప్పుచుందురు.

ఉక్తము నిట్లు విచారించితిరి. ఇఁక ననుక్తము. రాత్రులకు రాత్రులు పాడఁదగిన కథను మూఁడుగంటలలోఁ జూపవలసినపుడు లోప మనివార్యము. అనుగురాజు పూర్వకథయు, ఒక్కొక్క వీరుని పుట్టుకయు, ఊరూరి దేవతల ప్రసక్తియు గాయకునకుఁ బ్రాణప్రదములు, చిత్రకారునకు భారములు. పాటలో మాలకన్నమదాసు మొదలుగా నానాకులముల వీరు లెవరి కథకు వారే నాయకులు. బాలచంద్రుని తమ్ములని పిలువఁబడు సహచరు లొక్కొక్కరు నొక్కొక్క కులమువారు. చిత్రమున నాయకస్థాన మొకటి రెండే. తక్కినవారు పరివారము కాక తప్పదు. తన యింటిపెద్దలు గొలుచు వీరునకుఁ దెరపై నెంత చోటు దొరికినదని ప్రేక్షకుఁడు కొలిచి చూచుట స్వాభావికము. బయటివారి కిది సంకుచితమైన తీర్పుగాఁ దోఁపవచ్చును. కాని కావ్యమునఁ బ్రతి వీరునకు భాగ మున్నదన్న జ్ఞానమునుండియే యీ తీర్పు పుట్టినది.

దురుక్తవిచారము మఱింత కఠినము. యుద్ధదోషమునంతయు నాగమ్మపై మోపుట పూర్వకవులనుండి వచ్చిన మార్గము. చలనచిత్రమునకుఁ బ్రతినాయకపాత్ర యావశ్యకము గనుక నా మార్గము దానికి ననుకూలించెను. అయినను నలగాముని సేవలో నుండి, తన ప్రభువు రాజ్యము చీలకుండఁ గాపాడఁజూచిన మంత్రిణి యను దృష్టియుఁ గలదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు తమ నాటకమునకు "నాయకురాలు" అనియే పేరిడిరి. నాగమ్మ పక్షమున మాటలాడువారు పల్నాట నేఁటికిని గలరు. గురజాలకును మాచెర్లకును నడుమ నేనాఁడో తెగిన వ్యాజ్యమును బ్రతిప్రదర్శనానంతరమును మరల విచారణకుఁ దెచ్చువారు వీరే. తెరపైఁ దీర్పు ముగిసినను వీథిలో ముగియలేదు.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. 1957 లో కె. వి. రెడ్డిగారు తీసిన "మాయాబజారు"లోని శశిరేఖాపరిణయకథ వ్యాసభారతమున లేదు. అయినను దానిని దురుక్త మన్నవారు లేరు. పైఁగా 2013 లో ఒక యాంగ్లవార్తాసంస్థ భారతీయచిత్రములలో నుత్తమమైనదానిని నిర్ణయింపుఁడని ప్రేక్షకుల నడుగఁగా నధికసంఖ్యాకులు "మాయాబజారు"నే కోరిరి. అట కల్పన కింత యాదరము, ఇట నింత పరీక్ష యేల? సమాధానము సులభము. ఘటోత్కచుని లడ్డూభక్షణమునకు నొచ్చుకొను వంశీయు లెవ్వరును లేరు. కారెంపూడిలోనైనచో మృతవీరులు నేఁటికిని పూజ్యులు. వారి కొణతములు కనులయెదుట నున్నవి. కల్పన కథకు సొగసు తేవచ్చును. శిలపై నిలిచినవానికిఁ బరుల చేఁతలు మోపునపుడు మాత్రమది సాక్ష్యమును జెఱచును. "మాయాబజారు"ను మెచ్చుకొని, "పల్నాటి యుద్ధము"ను శంకించు ప్రేక్షకుఁడు రెండుచోట్లను న్యాయముగనే నడచుచున్నాఁడు.

ఈ వివేకమునకు విలువ పిమ్మటి కాలమున మఱింత తెలియును. 1984 లో "పల్నాటి పులి", 1985 లో "పల్నాటి సింహము", 1994 లో "పల్నాటి పౌరుషము", 2003 లో "పల్నాటి బ్రహ్మనాయుఁడు" వెలువడెను. వీనిలోఁ బన్నెండవ శతాబ్దపు కథ లేదు. పల్నాడను శబ్దము పౌరుషవాచకమై విశేషణముగా మిగిలినది. రూఢి యర్థమును మ్రింగివేయుట శబ్దశాస్త్రమునఁ గ్రొత్త గాదు. అయితే చాపకూటిచేఁ గూడఁ బ్రసిద్ధమైన సీమకుఁ గత్తి యొక్కటే గుఱుతుగా నిలుచుట నష్టము. ఈ నష్టమును గుర్తింపఁగలవాఁడు పాతచిత్రములను, పాటను, ఉత్సవమును మూఁటిని నెఱిఁగిన ప్రేక్షకుఁడే.

రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో భావకులను నాలుగు విధములుగా విభజించెను: ఏదియు రుచింపని యరోచకి, గడ్డితోఁగూడ నన్నమును మ్రింగు సతృణాభ్యవహారి, ఓర్వలేని మత్సరి, సారము నెఱుఁగు తత్త్వాభినివేశి. చిత్రప్రియులలో నీ నలువురును గలరు. అభిమాననటుని గెలుపు కొఱకే కలహించువారు రెండవ మూఁడవ తెగలవారు. నాలుగవ తెగవారు విరళులని రాజశేఖరుఁడే యొప్పుకొనెను. పల్నాట నట్టివారు పుట్టుటకుఁ గారణము, తెరకు వెలుపల సరిచూచుకొన మూలము వారి కుండుటయే.

మూల మున్నంతకాలమే వార్తికము నిలుచును. పూర్వ మొక గుడారపుటాటను ఊరంతయుఁ గలసి చూచి, కలసి తర్కించెడిది. పిమ్మట నాకాశవాణి శబ్దచిత్రములును, దూరదర్శనమును వచ్చినవి. నేఁడు పాతచిత్రమును జేతిలోని ఫోనున నెవ్వరికి వారే చూచుచున్నారు. చూపు సులభమైనది, తర్క మొంటరియైనది. పాడువారు కొఱవడి తెర యొక్కటే మిగిలినచో, సినిమాలోని నాగమ్మయే నాగమ్మయు, సినిమాలోని బ్రహ్మనాయుఁడే బ్రహ్మనాయుఁడును అగుదురు. 1947 నాఁటి చిత్రమును బదేండ్ల ప్రాయమునఁ జూచినవారు తొంబదియేండ్లకు సమీపించుచున్నారు. వారి నోటఁ గన్నాంబ నాగమ్మను గూర్చిన తీర్పును, తమ యూరి వీరునికిఁ దక్కని చోటును గూర్చిన ఫిర్యాదును వ్రాసికొనుట, పాటలపుస్తకములను సేకరించుట సాహిత్యపరిశోధకులు వెంటనే చేయవలసిన పని. శాసనములు శిలపై నుండును గనుక వేచియుండఁగలవు. ఈ వార్తికము మనుష్యుల నాలుకపై నున్నది.