గది తాళపుచెవి: న్యూయార్కు నగర చరిత్రలో ఒక ఘట్టము

శతాబ్ది సంచికలో పరదేశ నగరపు చరిత్ర ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మనసు చెదరిన మనిషి దేవాలయపు వసారాలో పండుకొని యుండగా ఏమి చేయవలెనో తోచని కాపరులలో మేమును ఒకరము. వేదాంత కళాశాలలో మాకు రోగులను పరామర్శించుట నేర్పిరి గాని, ఆసుపత్రి నుండి వెలుపలికి వచ్చినవాడు ఆ రాత్రి ఎక్కడ తల వాల్చునో ఎవరును ప్రస్తావింపలేదు. ఆ ప్రశ్నతో న్యూయార్కు నగరము చాల కాలము తంటాలు పడినది.

1955 నాటికి ఆ రాష్ట్రపు మానసిక చికిత్సాలయములలో సుమారు 93,000 మంది ఉండిరి. పలువురు ఆ గోడల మధ్యనే వృద్ధులైరి. 1954లో క్లోర్‌ప్రోమజీన్ అను మందు అమెరికాలో వాడుకలోనికి వచ్చెను. భ్రమలు, ఉద్రేకము తగ్గుట చూచి, ఇక వీరిని బయటికి పంపవచ్చునని వైద్యులు తలచిరి. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ సంతకము చేసిన చట్టము ప్రకారము ఊరూర మానసిక ఆరోగ్య కేంద్రములు వెలయవలసి యుండెను. వాటిలో అనేకము కాగితముమీదనే నిలిచిపోయినవి.

బయటికి వచ్చినవారిలో చాలమందికి దొరికినవి చౌక హోటళ్లు. ఒక గది, ఒక మంచము, నడవ చివర అందరికి కలిపి స్నానపుగది. మన లాడ్జీలవంటివే గాని, అక్కడ ఏండ్ల తరబడి కాపురముండువారు. 1970వ దశకములో నగరము పన్ను రాయితీలిచ్చి ఆ హోటళ్లను ఖరీదైన ఫ్లాట్లుగా మార్చుటను ప్రోత్సహించెను. మూడు దశాబ్దములలో లక్షకు పైగా గదులు మాయమైనవి. వీధులలో పండుకొనువారు పెరుగగా, వ్యాధి ముదిరెనని కొందరనిరి. మా దృష్టిలో ముదిరినది అద్దె.

1979లో రాబర్ట్ హేస్ అను యువ న్యాయవాది నిరాశ్రయుల పక్షమున దావా వేసెను. 1981లో నగరము దిగివచ్చి, అడిగిన ప్రతి పురుషునికి రాత్రి ఆశ్రయమిచ్చుటకు ఒప్పుకొనెను. వాదియైన రాబర్ట్ కాలహన్ అప్పటికే వీధిలో మరణించి యుండెను. పైగా పెద్ద హాలులో వందల మంచముల నడుమ ఒక మంచము ఇల్లు కాదు గదా!

ఈ నడుమనే, 1980లో, జాన్ ఫెలిస్, జాన్ మక్‌వీన్, థామస్ వాల్టర్స్ అను ఫ్రాన్సిస్కను సహోదరులు ఒక పని చేసిరి. తాము పరిచర్య చేయుచుండిన హోటలు చేతులు మారి, అందలి మనుష్యులు చెదరిపోవుట వారు కన్నులార చూచిరి. బోధించుచు కూర్చుండక, తూర్పు 24వ వీధిలో ఒక పాత హోటలునే కొని, సెయింట్ ఫ్రాన్సిస్ నివాసమను పేర తెరచిరి. ఎవరి గది వారిది, ఎవరి తాళపుచెవి వారిది. తమ పింఛను నుండి అద్దె వారే చెల్లించిరి. మందు వేళలు గుర్తుచేయుటకు, డబ్బు లెక్క చూచుటకు, వైద్యుని కలుపుటకు మనుష్యులు ఆ భవనములోనే ఉండిరి. అంతకంటె రహస్యమేమియు లేదు.

1990లో నగరము, రాష్ట్రము కలిసి అట్టి గదులు వేలకొలది ఏర్పరచుటకు ఒడంబడిక చేసికొనెను. 1992లో సామ్ త్సెంబెరిస్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఇంకొక అడుగు వేసెను. మందు తీసికొందునని, త్రాగుడు మానుదునని మాట ఇయ్యకపోయినను ముందు ఇల్లు ఇచ్చెను. ఇది పొరపాటని అనేకులు వాదించిరి. మేమైనను ఆనాడు వారి పక్షముననే ఉండెడివారమేమో! కాని రెండేండ్ల తరువాత చూడగా పదిమందిలో సుమారు ఎనిమిదిమంది ఆ ఇండ్లలోనే నిలిచియుండిరి. 1990 ఒడంబడిక ఇండ్లలో చేరిన 4,679 మంది లెక్కలు 2002లో ప్రచురింపబడెను. అంతకుముందు ఆసుపత్రులకు, ఆశ్రయములకు, చెరసాలలకు ఒక్కొక్కరిపై ఏటికి సుమారు 40,000 డాలర్లు వ్యయమగుచుండెను. ఇల్లు ఇచ్చిన పిమ్మట అందులో 16,000 డాలర్లు తగ్గినవి. ఇంటి ఖర్చు దాదాపు అందులోనే సరిపోయినది.

మన దేశములోను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఇట్టివారు సమాజము నడుమ నివసించు హక్కును, తోడ్పాటుగల వసతిని పేర్కొన్నది. మన అధ్యక్ష మండలములో తాళము వేసిన పాత మిషను బంగళాలు ఎన్ని గలవో లెక్క వ్రాయు కమిటీలో మేమును సభ్యులమే. ఆ లెక్క ఇంకను పూర్తికాలేదు.