సీపీయూ డబ్బాలో ఏముంది? పార్క్‌లేన్ నుంచి బోధన్ దాకా ఒక పాత బేరం

నిజామాబాద్‌లో హైదరాబాద్ బస్సెక్కినవాళ్ళు సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి ప్యారడైజ్ మీదుగా ఆటోలో కాసేపు పోతే పార్క్‌లేన్. ఆ వీధిలోనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. జనం నోట్లో అది సీటీసీ. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు పేరు చెబితే ఏం గుర్తొస్తుందో, తెలుగువాళ్ళకు సీటీసీ అంటే అదే గుర్తొస్తుంది. మదర్‌బోర్డు కావాలన్నా, ర్యామ్ కావాలన్నా ముందు అక్కడ రేటు కనుక్కోవాల్సిందే.

ఇప్పుడు అంత దూరం పోవాల్సిన పని లేదు. నలభై, యాభై వేలకు ‘గేమింగ్ పీసీ’ అని రాసి, అద్దం తలుపు వెనక రంగురంగుల ఫ్యాన్లు తిరిగే క్యాబినెట్‌ను నిజామాబాద్ జిల్లా బోధన్‌లోని ఇంటి గుమ్మం దాకా తెచ్చిస్తున్నారు. ప్లగ్గు పెట్టి స్విచ్చేస్తే చాలు. కొనొచ్చా, వద్దా?

ప్రశ్న కొత్తదేమీ కాదు. ‘బ్రాండెడా, అసెంబుల్డా?’ అన్న రూపంలో జిల్లా దాన్ని చాలా ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. జవాబే కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. పన్నులు, విడిభాగాల రేట్లు, చెడిపోతే వచ్చేదెవరన్న లెక్క దాన్ని అటూ ఇటూ తిప్పాయి.

మొదట్లో అసలు ఎంచుకునే వీలే లేదు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. ఏ.ఎస్. రావు దాన్ని నిలబెట్టారు. 1969లో వచ్చిన టీడీసీ-12తో దేశీయ కంప్యూటర్ల చరిత్రలో దాని పేరు చేరింది. అయితే ఆ యంత్రాలు పరిశోధనాలయాలకు, ప్రభుత్వ సంస్థలకు చేసినవి. 1978లో ఐబీఎం దేశం వదిలిపోయాక హెచ్‌సీఎల్, విప్రో లాంటి కంపెనీలు ఎదిగాయి. అవి అమ్మినవి కూడా ఆఫీసులు కొనగలిగిన సరుకే.

తలుపు కాస్త తెరిచింది 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటర్ విధానం. విడిభాగాల దిగుమతి సులువైంది, సుంకాలు తగ్గాయి. 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ వారి ఐటీ ఒప్పందంలో చేరింది. 2005 నాటికి ఆ ఒప్పందం కిందికొచ్చే సరుకుల మీద దిగుమతి సుంకం సున్నాకు చేరింది. కంపెనీ ఫ్యాక్టరీలోకి పోయే తైవాన్ బోర్డే, ఇంటెల్ చిప్పే సీటీసీ కౌంటర్ మీద కూడా దొరకడం మొదలైంది. సరుకు ఒకటే అయినప్పుడు పేరుకు ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి? అసెంబుల్డ్ వ్యాపారమంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది.

ఈ సరుకు కొనే స్తోమత ఇందూరు (నిజామాబాద్) ప్రాంతానికి ఎక్కడిదంటే, నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి, చెరకు పండాయి. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. ఆ తర్వాత చెరకు బిల్లుకు ఆర్మూర్ పసుపు తోడైంది, దుబాయి, మస్కట్, సౌదీల నుంచి వచ్చే డబ్బు తోడైంది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికే పిల్లల చదువులు పొలాన్ని దాటిపోయాయి.

పట్టణంలో కంప్యూటర్ మొదట ఆటకు రాలేదు, పనికే వచ్చింది. అడ్తి దుకాణాల్లో, రైస్ మిల్లుల్లో ట్యాలీ లెక్కలు, ప్రింటింగ్ ప్రెస్సుల పక్కన డీటీపీ సెంటర్లు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్ళిపత్రిక కొట్టడానికి ఉన్నంతలో తక్కువ సిస్టమ్ చాలు. అది ఆగితే మాత్రం ముహూర్తం ఆగదు. అందుకే ఆ కొనుగోలుదారుకు కావలసింది కంపెనీ కాదు, పిలిస్తే సాయంత్రానికల్లా స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చే మనిషి. ఆ మనిషి పక్క వీధిలోనే ఉండేవాడు.

బేరం కొటేషన్‌తో మొదలయ్యేది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, క్యాబినెట్, మానిటర్ వరసగా రాసి, ఎదురుగా రేట్లు వేసి, కింద మొత్తం. ఆ వరసలోనే కిటుకులుండేవి. ప్రాసెసర్ ‘బాక్స్ పీస్’ అయితే ఇంటెల్ మూడేళ్ళ వారంటీ. ‘ట్రే పీస్’ అయితే కాస్త తక్కువకు వచ్చేది, వారంటీ మాత్రం అమ్మినవాడి మాటే. కొన్ని దుకాణాల ముందు ‘జెన్యూన్ ఇంటెల్ డీలర్’ బోర్డు వేలాడేది. అన్నీ కుదిరాక అసలు ప్రశ్న వచ్చేది: “అన్నా, బిల్లుతోనా, బిల్లు లేకుంటనా?” 2005 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు వ్యాట్ వచ్చి, ఐటీ సరుకుల మీద 4 శాతం పన్ను పడ్డాక కూడా ఆ ప్రశ్న పోలేదు.

అసెంబ్లింగ్ కళ్ళెదుటే జరిగేది. చిప్పును సాకెట్‌లో కూర్చోబెట్టి, పైన పేస్టు రాసి, ఫ్యాన్ బిగించి, ర్యామ్‌ను రెండు చెవులూ టక్కుమనేదాకా నొక్కి, పవర్ బటన్ వైర్లను బోర్డు మూలన ఉన్న సన్నటి పిన్నులకు తగిలించేవాళ్ళు. తెర మీద ఇంటెల్ గుర్తు కనిపిస్తే ఇంటిల్లిపాదికీ నవ్వు మొహం. ఆ మీదట విండోస్ ఎక్కించేవాళ్ళు. అది చాలాసార్లు దొంగ కాపీ అన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మాట్లాడేవాళ్ళు కాదు. అడక్కుండానే డీ డ్రైవ్‌లో పాటలు, సినిమాలు, రోడ్ రాష్ కాపీ చేసి ఇవ్వడం మర్యాద. జిల్లాలో ఎంతోమంది పిల్లలకు ‘గేమింగ్’ ఆ డీ డ్రైవ్‌లోనే మొదలైంది.

పెద్ద మలుపు నెట్ సెంటర్లతో, వైస్ సిటీతో వచ్చింది. 2003లో ఆ గేమ్ పీసీకి వచ్చేసరికి ఇంటర్నెట్ పేరుతో తెరిచిన గదుల్లో గంట లెక్కన ఆటలు నడుస్తున్నాయి. ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్, ఆ తర్వాత మోస్ట్ వాంటెడ్. ఇంట్లో సిస్టమ్ ఉన్నవాడికి బోర్డులోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ సరిపోక ‘కార్డు’ వేయించుకోవాలనిపించింది. కొనుగోలుదారు మొదటిసారి అంకెకు మోసపోయింది ఇక్కడే. జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5200 కార్డు 128 ఎంబీతోనూ దొరికేది, 256 ఎంబీతోనూ దొరికేది. రెండో దాని డబ్బా మీద అంకె పెద్దది. కానీ లోపలి చిప్పు అదే బలహీనమైన చిప్పు, మెమొరీ రెట్టింపైనా ఆట వేగం రెట్టింపు కాదు. “ఎన్ని ఎంబీ కార్డు?” అని అడగడమే జనానికి అలవాటైపోయింది, ఏ కార్డని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. నేటి చవక గేమింగ్ పీసీ దాని మీదే బతుకుతోంది.

ఈలోగా బ్రాండెడ్ కంపెనీలు కిందికి దిగొచ్చాయి. 2005లో హెచ్‌సీఎల్ 9,990 రూపాయలకు ఓ కంప్యూటర్ తెచ్చింది. లాప్‌టాప్ చౌకైంది. 2008లో గోదావరి అవతల బాసరలో ఆర్‌జీయూకేటీ పెట్టి విద్యార్థుల చేతికి లాప్‌టాప్‌లిచ్చారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని ఇంజనీరింగ్ సీటు ఊరూరికీ చేరాక, తండ్రి కొనిపెట్టేది లాప్‌టాప్ అయింది. 2016లో జియో, 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చాక ఆట కూడా ఫోన్‌లోకి పోయింది. డెస్క్‌టాప్ మీసేవ కేంద్రాల్లో, ఆఫీసుల్లో, ఆటే కావాలనుకునే కొద్దిమంది దగ్గర మిగిలింది.

2020 లెక్కలన్నీ తలకిందులు చేసింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళకు జూన్‌లో వాలరెంట్ అనే పీసీ గేమ్ దొరికింది. సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. పీసీ వైపు మళ్ళీ గాలి మళ్ళింది. కానీ కార్డులేవి? చిప్‌ల కొరత ఒకవైపు, ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వేవాళ్ళ కొనుగోళ్ళు మరోవైపు. ముద్రించిన ధర ఒకటి, కౌంటర్ మీద ధర మరొకటి. విడిగా కార్డు దొరకనప్పుడు, కార్డుతో సహా వచ్చే రెడీమేడ్ పీసీనే చవకపడిన సందర్భాలు ప్రపంచమంతటా కనిపించాయి. ‘అసెంబుల్డ్ అయితేనే అగ్గువ’ అన్న సూత్రానికి మొదటి గట్టి దెబ్బ అదే. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మార్చుకుని కార్డులతో పని లేకుండా చేసుకుంది. రేట్లు దిగాయి. రాత్రింబవళ్ళు తవ్వి అలిసిన కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారుకొచ్చాయి.

ఇప్పుడు మార్కెట్‌లో ‘బడ్జెట్ గేమింగ్ పీసీ’ పేరుతో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది పాత గుండెకు కొత్త చొక్కా. ‘కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్’ అని ఉంటుంది, ఏ తరం ఐ7 అన్నది ఉండదు. విప్పి చూస్తే హెచ్61 బోర్డు, 2011 నాటి రెండో తరం లేదా 2012 నాటి మూడో తరం చిప్పు, జీటీ 730 కార్డు. ఆ చిప్పుల్లో ఏవీఎక్స్2 సూచనలు లేవు, అవి లేకుండా కొన్ని కొత్త గేములు తెరుచుకోవు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే ఇంటెల్ చిప్పులను ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా అడుగుతుంది. విండోస్ 11 మీద వాలరెంట్‌కు కూడా ఆ టీపీఎం కావాలి. విండోస్ 10 మీదే ఉండిపోదామంటే దానికి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. జీటీ 730 కార్డు 2014 నాటిది. 4 జీబీ అన్న మాట నిజమే, కానీ అదే 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1650 దానికంటే ఎన్నో రెట్లు మేలు. చెరకు లోడును టన్నుల్లో తూచినా ఫ్యాక్టరీ చూసేది రికవరీని, అంటే అందులోంచి ఎంత చక్కెర వస్తుందన్న శాతాన్ని. ఇక్కడా జీబీలు తూకం మాత్రమే చెబుతాయి, రికవరీ చిప్పు పేరులో ఉంటుంది.

రెండోది పెద్ద కంపెనీల టవర్. అసలు విండోస్, ఇంటికొచ్చే సర్వీసు దాని బలం. లోపలి బోర్డు, పవర్ సప్లయ్ (ఎస్‌ఎంపీఎస్) ఆ కంపెనీ కొలతకే చేసినవి కావడం దాని బలహీనత. మూడేళ్ళకు పెద్ద కార్డు వేద్దామంటే ఎస్‌ఎంపీఎస్ చాలదు, మార్కెట్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు.

మూడోది దుకాణదారులే బిగించి అమ్మేది. నిజానికి పాత అసెంబుల్డ్ సిస్టమే కొత్త పేరుతో వచ్చింది. ప్రతి భాగం కంపెనీ, మోడల్ పేరు రాసి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు వేసి ఇచ్చేవాళ్ళ సరుకు కొనదగినదే. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌తో వచ్చేదాన్ని ఇప్పుడు కార్డు లేకుండా కొనుక్కుని, డబ్బు చేతికొచ్చాక కార్డు వేసుకోవచ్చు. అయితే అలాంటి చిప్పు బొమ్మల పనికి కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి 16 జీబీ ఒకే కడ్డీగా ఉండకూడదు, రెండు 8 జీబీలుగా ఉండాలి. ఖర్చు మిగుల్చుకోవడానికి ఒకటే పెట్టే దుకాణాలు చాలానే ఉన్నాయి.

చాలామంది చూడని భాగం ఎస్‌ఎంపీఎస్. పక్క తలుపు తీసి దాని స్టిక్కర్ చదివితే డబ్బా గుట్టు సగం తెలుస్తుంది. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లని ఉంటుంది. కింద పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి, ప్రాసెసర్‌కూ కార్డుకూ కరెంటు ఆ లైనులోంచే పోతుంది. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే 12తో హెచ్చవేస్తే 216 వాట్లే. మిగతా అంకె అట్ట మీద అలంకారం. జీటీఎక్స్ 1650 లాంటి కార్డు 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది గనుక నెట్టుకొస్తుంది, పెద్ద కార్డు వేస్తే ఆట మధ్యలో ఆరిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే నిజామాబాద్‌లో గాలి ఆడని అద్దాల క్యాబినెట్ ఈ కష్టాన్ని ఇంకాస్త పెంచుతుంది. లైట్ల ఫ్యాన్ల కంటే ముందు వైపు జాలీ ఉన్న సాదా క్యాబినెట్ ఇక్కడ మంచిది.

ఇక బిల్లు సంగతి. 2017 జులై నుంచి జీఎస్టీ వచ్చింది, కంప్యూటర్ మీద 18 శాతం. ‘బిల్లు లేకుంటనే’ కొంటే ఆ మేరకు మిగులుతుందనిపిస్తుంది. కానీ కార్డుకు, బోర్డుకు ఇచ్చే మూడేళ్ళ వారంటీ అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. దుబాయి నుంచి బావ తెచ్చిన కార్డుకైతే వారంటీ తరచూ కొన్న దేశానికే పరిమితం. ఆన్‌లైన్‌లో కొన్న పీసీ పాడైతే మొత్తం డబ్బా పార్సిల్ చేయాలా, చెడిన భాగం ఒక్కటే పంపితే చాలా అన్నది డబ్బు కట్టకముందే అడగాల్సిన మాట. బోధన్‌లో కొన్నవాడికి ఈ ఒక్క జవాబు రెండు మూడు వేల తేడా కంటే ఎక్కువ విలువైనది.

2025 చివరి నెలల నుంచి తక్కెడ మళ్ళీ ఊగుతోంది. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్పులను ఎత్తుకుపోతుండటంతో ర్యామ్ రేట్లు ఎగిరిపోయాయి. క్రూషియల్ పేరుతో ఇళ్ళకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించింది. కొటేషన్‌లో ఒకప్పుడు చిన్న వరసగా ఉన్న ర్యామ్ ఇప్పుడు మొత్తాన్ని మార్చేస్తోంది. పాత రేటుకు కొన్న ర్యామ్‌తో బిగించి పెట్టిన రెడీమేడ్ పీసీ ఇంకా షెల్ఫ్ మీద ఉంటే, అవే భాగాలను విడిగా కొన్నదానికంటే తక్కువకు రావచ్చు. అందుకని ఇప్పుడు కొనేవాళ్ళు రెడీమేడ్ పీసీ భాగాల జాబితాను ఫోన్‌లో తెరిచి, అవే మోడళ్ళకు ఊళ్ళో దుకాణంలో ఒక కొటేషన్, సీటీసీ నుంచి వాట్సాప్‌లో ఇంకొకటి అదే రోజు రాయించుకుని మూడూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. వారం తర్వాత అడిగితే ఆ కాగితం మీది రేటుకు ఎవరూ ఇవ్వరు.