‘మావాడు కాదు’: విశ్రాంత గూఢచారులు, మాయమైన సహచరులు

గూఢచారి నవలల్లో ఒక ఘట్టం పదేపదే వస్తుంది. కొలువు మానేసి పుస్తకాలతో కాలం గడుపుతున్న పెద్దమనిషి తలుపు రాత్రివేళ ఎవరో తడతారు. పాత సహచరుడొకడు కనబడటం లేదనో, శవమై తేలాడనో చెప్పి, మీరే రావాలంటారు. పాఠకులు దీన్ని స్నేహధర్మంగా చదువుకుంటారు. చదువుకోవడానికి బాగానే ఉంటుంది కూడా. అయితే జీతం తీసుకుంటున్నవాళ్లు అంతమంది ఉండగా సంస్థ పింఛనుదారు గడపే ఎందుకు తొక్కుతుంది? అతని అనుభవం ఒక కారణం. అంతకన్నా బలమైన కారణం, పని చెడితే అతణ్ని ‘మావాడు కాదు’ అనేయవచ్చు. అతణ్ని అక్కరకొచ్చే మనిషిగా చేసే ఈ వెసులుబాటే, అతను మాయమైన రోజున అతని ప్రాణం మీదికి వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ సంగతిని దాపరికం లేకుండా రాసినవాడు జాన్ లె కారె. బ్రిటిష్ గూఢచార శాఖల్లో పనిచేసి 1964లో బయటికి వచ్చినవాడు కనుక ఆ కార్యాలయాల నడవడి అతనికి తెలుసు. 1979 నాటి ‘స్మైలీస్ పీపుల్’లో, బ్రిటన్ కోసం పనిచేసిన మాజీ సోవియట్ జనరల్ వ్లాదిమిర్ లండన్‌లోని హామ్‌స్టెడ్ హీత్‌లో హత్యకు గురవుతాడు. చావుకు ముందు అతను కార్యాలయానికి ఫోన్ చేసి, తన పాత అధికారి కావాలని అడుగుతాడు. అప్పటికి విధానం మారింది. ప్రవాస బృందాలతో లావాదేవీలు వద్దని పైనుంచి ఆదేశాలున్నాయి. అందుకే ఆ పాత అధికారిని, పదవి వదిలిన జార్జ్ స్మైలీని పిలిపిస్తారు. అతనికి అప్పగించిన పని హంతకుణ్ని పట్టుకోవడం కాదు, మృతుడికీ సంస్థకూ ఈ మధ్య సంబంధమేమీ లేదని తేల్చి విషయాన్ని సద్దుమణిగించడం. స్మైలీ సరిగ్గా ఆ సంబంధం కొసనే పట్టుకుని బయల్దేరతాడు. నవలంతా ఈ అవిధేయతే.

1974లో వచ్చిన ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’లో కారణం ఇంకాస్త సూటిగా ఉంటుంది. ద్రోహి సంస్థ శిఖరానే ఉన్నాడు, కాబట్టి వెతికేవాడు బయటివాడు కావాలి. స్మైలీ అక్కడ తుపాకీ పట్టడు. లండన్‌లో ఒక చిన్న హోటల్లో మారుపేరుతో దిగి, రహస్యంగా తెప్పించిన ఫైళ్లు తిరగేస్తాడు. చెకొస్లొవేకియాలో తూటా తగిలి పట్టుబడి, తిరిగొచ్చాక నోరు మూసుకోమన్న షరతు మీద బడిపంతులుగా బతుకుతున్న జిమ్ ప్రిడో కథ ఆ వెతుకులాటలోనే బయటపడుతుంది.

కల్పన నుంచి వాస్తవానికి వస్తే రాబర్ట్ లెవిన్సన్ ఉదంతం ఎదురవుతుంది. అమెరికా ఎఫ్‌బీఐలో రష్యన్ మాఫియా వ్యవహారాల నిపుణుడిగా పేరు తెచ్చుకుని, 1998లో పదవీ విరమణ చేసి ప్రైవేటు పరిశోధకుడయ్యాడు. 2006లో సీఐఏ విశ్లేషకుల విభాగం అతనితో ఒప్పందం కుదుర్చుకుంది. మనుషులను క్షేత్రంలోకి పంపి సమాచారం రాబట్టే అధికారం విశ్లేషకులకు ఉండదు. ఆ పని వేరే విభాగానిది. అయినా లెవిన్సన్ దేశాలు తిరిగాడు, నివేదికలు పంపాడు. 2007 మార్చి 8న ఇరాన్‌లోని కీష్ ద్వీపంలో దిగాడు. అక్కడ కలిసిన దావూద్ సలాహుద్దీన్ 1980లో అమెరికాలో ఒక ఇరాన్ మాజీ దౌత్యాధికారిని చంపి పారిపోయిన అమెరికన్. ఆ మర్నాడు లెవిన్సన్ హోటల్ ఖాళీ చేశాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

సొంత పని మీద వెళ్లిన పౌరుడని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. వ్లాదిమిర్ విషయంలో స్మైలీ చేత చెప్పించాలని చూసిన మాట ఇలాంటిదే. ఇక్కడ దాన్ని కాదన్నది మాజీలే. లెవిన్సన్ మిత్రుడు, ఫ్లోరిడాలోని పెన్సకోలాలో న్యాయవాదిగా స్థిరపడ్డ మాజీ ఫెడరల్ ప్రాసిక్యూటర్ రంగంలోకి దిగాడు. అతని కార్యాలయంలోని సహాయకురాలు లెవిన్సన్ ఈమెయిళ్లు తెరిచి, సీఐఏతో అతనికున్న లావాదేవీలను బయటికి తీసింది. ఆ కాగితాలు సెనేట్ నిఘా కమిటీ దాకా వెళ్లాకగానీ సంస్థ లోపలి విచారణ ముమ్మరం కాలేదు. ముగ్గురు ఉద్యోగాలు వదులుకోవలసి వచ్చింది, మరికొందరిపై క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. కుటుంబానికి 25 లక్షల డాలర్లు చెల్లించారు. ఇదంతా గుట్టుగానే జరిగింది. 2013 డిసెంబరులో అసోసియేటెడ్ ప్రెస్ రాసేదాకా లోకానికి తెలియలేదు. అప్పుడు కూడా శ్వేతసౌధం ప్రతినిధి చెప్పిన మాట, మాయమైన నాటికి అతను ప్రభుత్వోద్యోగి కాడని. సాంకేతికంగా అందులో అబద్ధం లేదు. అసలు అలాంటి మనిషిని ఎంచుకోవడమే ఆ జవాబు చేతిలో ఉండటానికి.

నవల ఎక్కడ నిజం పలికిందో ఇక్కడ చూడవచ్చు. పోయినవాణ్ని వెతకడమంటే ముందుగా అతని కాగితాలు వెతకడం. హోటల్ గదిలో స్మైలీ చేసినదీ, పెన్సకోలాలో ఆ సహాయకురాలు చేసినదీ ఒకే రకం పని. నవల ఎక్కడ తప్పిందో కూడా తెలుస్తుంది. అక్కడ కాగితాల చివర ఒక మనిషి దొరుకుతాడు. లెవిన్సన్ విషయంలో 2010లో ఒక వీడియో, ఆ మరుసటి ఏడు కాషాయరంగు ఖైదీ దుస్తుల్లో కొన్ని ఫొటోలు అందాయి. ఆచూకీ చెప్పినవారికి బహుమానం 10 లక్షల డాలర్ల నుంచి 50 లక్షలకు పెరిగింది. 2019లో విదేశాంగ శాఖ మరో 2 కోట్లు ప్రకటించింది. అతను ఇరాన్ నిర్బంధంలోనే మరణించాడని నమ్ముతున్నట్టు 2020 మార్చిలో కుటుంబం తెలిపింది.

పదవిలో ఉన్నవాడికి ఇలా జరగదా అంటే, విలియం బక్లీ ఉదంతం ఉంది. సీఐఏ బేరూత్ కేంద్రాధిపతిగా ఉండగా 1984 మార్చి 16న అపహరణకు గురయ్యాడు. ఎలాగైనా అతణ్ని రప్పించాలని డైరెక్టర్ విలియం కేసీ పడ్డ ఆత్రం, బందీల కోసం ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఆయుధాలు వెళ్లేనాటికే బక్లీ నిర్బంధంలో చనిపోయాడు. ఫలితం రెండు చోట్లా చావే. కానీ ఒకరి కోసం ప్రభుత్వం తన విధానాన్నే తాకట్టు పెట్టింది, మరొకరి విషయంలో ఉద్యోగ రికార్డు చూపించింది.

మన దేశానికి సంబంధించిన కుల్‌భూషణ్ జాదవ్ కేసులో కూడా వివాదమంతా పదవీ విరమణ చుట్టూ నడిచింది. అతను నౌకాదళం నుంచి విరమించి వ్యాపారం చేసుకుంటున్నాడనీ, ఇరాన్ నుంచి అపహరించారనీ భారత్ అంటుంది. పనిలో ఉన్న గూఢచారి అని పాకిస్తాన్ అంటుంది. 2019 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ తగువు తేల్చే జోలికి పోలేదు. గూఢచర్యం ఆరోపణ ఉన్నా కాన్సులర్ సాయం పొందే హక్కు పోదని మాత్రం చెప్పి, పాకిస్తాన్ అతనికి విధించిన మరణశిక్షను పునఃపరిశీలించమంది.

2020 డిసెంబరులో అమెరికాలో లెవిన్సన్ పేరుతో బందీల విడుదల చట్టం వచ్చింది. విదేశాల్లో అన్యాయంగా నిర్బంధానికి గురైన అమెరికన్లెవరో తేల్చడానికి అది కొన్ని అంశాలు చూడమంటుంది. నిర్బంధితుడు నిర్దోషి అనడానికి నమ్మదగిన సమాచారం ఉందా అన్నది వాటిలో ఒకటి. నిజంగానే రహస్యాలు సేకరించడానికి వెళ్లిన మనిషికి ఈ ఒక్క అంశం అక్కరకు రాదు.