తోలుపార, శీలావతి: జాతి వర్ణన చరిత్రలో తెలుగు పేర్లు

ఉపోద్ఘాతం

మెత్తని పగడమైనా, మంచినీటి చేపైనా శాస్త్రంలో ‘కొత్త జాతి’గా నిలవాలంటే దాని లక్షణాలను వర్ణించి, రెండు పదాల శాస్త్రీయ నామం పెట్టి ప్రకటించాలి. జంతువుల విషయంలో ఈ పద్ధతికి లిన్నేయస్ గ్రంథం పదవ కూర్పు (1758) ఆరంభం. అయితే ఆ జీవిని తరతరాలుగా ఎరిగిన జాలరుల మాటకు ఈ ప్రక్రియలో ఎంత చోటు దక్కింది? ఈ ప్రశ్నకు విశాఖ తీరం ఒక సమాధానం, కొల్లేరు సీమ మరొక సమాధానం ఇస్తున్నాయి.

విశాఖ తీరం: అడిగి రాసుకున్న పేర్లు

స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ (1727–1805) 1780లలో విశాఖపట్నంలో నివసించి, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. కోరమాండల్ తీరపు పాములపై 1796లో, విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపలపై 1803లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. అనేక జీవులకు స్థానికులు చెప్పిన పేర్లనే రోమన్ లిపిలో రాసి ఆయన శీర్షికలుగా నిలిపాడు. వాటికి జంట నామాలు పెట్టకపోవడంతో నామకర్తలన్న ఖ్యాతి ఐరోపాలోని ఇతర శాస్త్రజ్ఞులకు దక్కింది. రసెల్ నమోదు చేసిన ‘బంగారం పాము’ నుంచి దోదాన్ 1803లో ‘బంగారస్’ అనే ప్రజాతి నామాన్ని కల్పించాడు. కట్లపాముల ప్రజాతికి నేటికీ అదే పేరు. ‘తోలుపార’లోని తొలి పదం కువియె 1832లో చేసిన నామకరణం ద్వారా ‘స్కోంబెరాయిడిస్ టోల్’గా మిగిలింది. ‘కాటుకరేకుల పొడ’కు మాత్రం ఆ భాగ్యం కలగలేదు. దాని శాస్త్రీయ నామం ‘డబోయా రసెలీ’లో పేరు చెప్పినవారి మాట లేదు, రాసుకున్నవాని పేరుంది.

కొల్లేరు: అడగని పేర్లు

కొల్లేటి చేపల కథ వేరు. కొరమీనును, మట్టగిడసను 1793లో వర్ణించిన బ్లాఖ్ బెర్లిన్‌లో ఉండి, తరంగంబాడి మిషనరీ జాన్ వంటివారు పంపిన నమూనాల ఆధారంగా భారతీయ మత్స్యాలను పరిశీలించాడు. ఒకదానికి చారలను బట్టి, మరొకదానికి చుక్కలను బట్టి లాటిన్ పేర్లు పెట్టాడు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలపై గ్రంథం ప్రకటిస్తూ ఆ ప్రాంతపు వాడుక పేర్లనే జాతి నామాలుగా స్వీకరించాడు. అందువల్ల ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అని పిలిచే చేపలు శాస్త్రంలో కట్ల, రోహిత, మృగాల అయ్యాయి. హామిల్టన్ చేసినది రసెల్ చేసినటువంటి పనే, కానీ ఆయన అడిగింది గంగాతీరపు జాలరులను.

ముగింపు

దీనినిబట్టి శాస్త్రీయ నామం జీవి లక్షణాలనో స్వస్థలాన్నో మాత్రమే కాక, వర్ణించినవాడు ఎక్కడ ఉన్నాడో, ఎవరిని అడిగాడో కూడా తెలిపే చారిత్రక ఆధారమని గ్రహించవచ్చు. రసెల్‌కు పేర్లు చెప్పిన జాలరులు ఎవరో ఆ శాస్త్రీయ నామాలు చెప్పవు. వారి ఉనికికి అక్కడ మిగిలిన సాక్ష్యం ఆ మాటలే. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి లాటిన్ లిపిలో రాస్తే ఏ భాషా పదాన్నైనా అనుమతిస్తుంది. కనుక కొత్త జాతిని వర్ణించేవారు నమూనా దొరికిన చోటుతోపాటు అక్కడి పేరును కూడా నమోదు చేయడానికి శాస్త్రపరమైన అడ్డంకి లేదు. చెరువుల లెక్కల్లో కట్ల, రోహు అన్న పేర్లే స్థిరపడుతున్న కొల్లేరు సీమలో శీలావతి, ఎర్రమోసు వంటి పదాల సేకరణ భాషాపరిశోధకులకూ జంతుశాస్త్రజ్ఞులకూ ఉమ్మడి బాధ్యత.